ఇంటి ముందు కారు దారికి ఆల్చిప్పల కాంక్రీట్ వేయొచ్చా? హన్మకొండ, నల్లరేగడి నేల

వడ్డేపల్లి వాకిలి:
అందరికీ నమస్తే. వడ్డేపల్లి చెరువు వైపు మా అమ్మ, బాపుల కోసం ఇల్లు కడుతున్నాం. ఇల్లు దాదాపు అయిపోయింది. గేటు నుంచి పోర్టికో దాకా 12 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు దారి ఒక్కటే మిగిలింది. పార్కింగ్ టైల్స్ వేద్దామని అందరూ అంటున్నారు కానీ నాకు మనసొప్పడం లేదు. కిందటేడు మా చెల్లె దగ్గరికి అమెరికాలోని సవానాకు వెళ్ళినప్పుడు అక్కడ చాలా ఇళ్ళ ముందు కాంక్రీట్‌లో ఆల్చిప్పలు పైకి కనిపించేలా పోసి ఉన్నాయి, దాన్ని టాబీ అంటారట. వాన పడి వెలిసిన తర్వాత ఆ తెలుపు, బూడిద రంగు చూస్తే అక్కడే నిలబడిపోయాను. చిన్నప్పుడు మా అవ్వ చెరువు ఆల్చిప్పకు రాయి మీద అరగదీసి బెజ్జం చేసి దాంతో మామిడికాయల చెక్కు తీసేది, బహుశా అందుకేనేమో ఆ దారి నాకు పరాయిగా అనిపించలేదు.

ఇక్కడ కోళ్ల దాణా అమ్మే దుకాణంలో సముద్రపు ఆల్చిప్పల గుల్ల బస్తాల్లో దొరుకుతోంది, పెద్ద ముక్కలు కావాలంటే తెప్పిస్తామన్నారు. మా మేస్త్రి మాత్రం గుల్లకు సిమెంటు పట్టదు, ఏడాదిలో లేచిపోతుంది అని తేల్చేశాడు. ఇంకొకాయన కంకర మొత్తం తీసేసి గుల్లే వేద్దాం, బరువు తగ్గుతుంది అన్నాడు. ఎవరి మాట నమ్మాలి? కింద ఇనుప జాలీ వేయాలా? ఉప్పు వల్ల ఇబ్బంది ఉంటుందా? కారు రోజూ తిరుగుతుంది, పంట రోజుల్లో బాపు ట్రాక్టర్ కూడా లోపలికి వస్తుంది. శ్రావణంలో గృహప్రవేశం, ఆ లోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి. నిజంగా చేసినవాళ్ళు, చేయించినవాళ్ళు చెబితే బాగుంటుంది.

కాజీపేట సైట్:
మేడమ్, నేను సివిల్ పనుల్లోనే ఉంటాను. ముందు ఒక్క మాట, కంకర తీసేసి గుల్ల వేద్దామన్నవాళ్ళ మాట అస్సలు వినకండి. కంకర ముక్క అన్ని వైపులా కాస్త సమానంగా ఉంటుంది కాబట్టి ఒకదానితో ఒకటి ఒదిగి కూర్చుంటుంది. గుల్ల పలకలా పల్చగా ఉంటుంది, దాని కింద నీళ్ళు, గాలి ఇరుక్కుంటాయి. కలిపేటప్పుడు మాలు కదలదు, కదలడం లేదని మిల్లర్ దగ్గర మనిషి ఇంకో బకెట్ నీళ్ళు పోస్తాడు, అక్కడే బలం పోతుంది. ఇది కాక గుల్ల అంటే దాదాపు అంతా కాల్షియం కార్బనేట్, మెత్తటి పదార్థం. గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద 3 నుంచి 4 మధ్య ఉంటుంది, మన గ్రానైట్ 6 పైనే. చుట్టూ ఎటు చూసినా గ్రానైట్ గుట్టలున్న ఊళ్ళో ఉండి, ట్రాక్టర్ నడిచే దారికి కడుపులో గుల్ల నింపడం తప్పు. కింద అంతా మామూలు 20 ఎంఎం కంకరతో బలం ఎం20 గ్రేడుకి తగ్గకుండా పోయించండి, గుల్ల పైన ఒక్క పొరలో మాత్రమే చల్లించండి. మీరు సవానాలో చూసినవి కూడా చాలావరకు అలా చేసినవే అయి ఉంటాయి.

ఉప్పు గురించి మీరు అడిగింది చాలా మంచి ప్రశ్న, చాలామంది అడగరు. సముద్రపు గుల్లలో క్లోరైడ్ ఉంటుంది, అది ఇనుమును తినేస్తుంది. కాంక్రీట్ పనులకు మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఇనుము ఉన్న కాంక్రీట్‌లో ఘనపు మీటరుకు 0.6 కిలోలకు మించి క్లోరైడ్ ఉండకూడదు, ఇనుము లేని కాంక్రీట్‌కు ఆ పరిమితి 3 కిలోలు. ఆ తేడా చూస్తేనే అర్థమవుతుంది భయం దేనికో. అందుకని జాలీ వేయకండి. నేల మీద పరుచుకుని ఉండే బిళ్ళకు మందం సరిగ్గా ఇచ్చి, కింద గట్టిగా చేసి, సమయానికి జాయింట్లు, అంటే పగులు ఇష్టమొచ్చినట్టు పోకుండా అడ్డగీతలు, కోస్తే ఇనుము లేకపోయినా నిలుస్తుంది. ట్రాక్టర్ వస్తుందన్నారు కాబట్టి 6 అంగుళాలు వేయండి. మీ 360 చదరపు అడుగులకు 180 ఘనపు అడుగులు, అంటే 5 ఘనపు మీటర్ల పైచిలుకు అవుతుంది, 40 బస్తాల సిమెంటు లెక్క పెట్టుకోండి.

కానీ మీ అసలు శత్రువు గుల్ల కాదు, నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, పైన మీరు ముత్యాలు పరిచినా పగులుతుంది. ఒకటిన్నర అడుగు లోతు మట్టి తీయించి మొరం పోయించండి, ఒకేసారి కాదు, అర అడుగు చొప్పున నీళ్ళు చల్లుతూ రోలర్‌తో తొక్కించాలి. రోలర్ దొరక్కపోతే దిమ్మిస మెషీన్ అద్దెకు దొరుకుతుంది. దారి పక్కన పూల మొక్కలకు పెట్టే నీళ్ళు బిళ్ళ కిందికి పోకుండా అంచు కట్టించండి. వాలు అడుగుకు పావు అంగుళం చొప్పున గేటు వైపు ఇవ్వండి. మీరు నాలుగు నెలలు గుల్ల గురించి ఆలోచించినా పరవాలేదు కానీ మొరం తొక్కించే రోజు మాత్రం సైట్‌లో ఉండండి.

జాయింట్లు ప్రతి 10 అడుగులకు, బిళ్ళ మందంలో నాలుగో వంతు లోతు, అంటే ఒకటిన్నర అంగుళం, పోసిన మర్నాటికల్లా కోసేయాలి. కోసే గీత మీద గుల్ల ఉంటే బ్లేడు దాన్ని పెకిలిస్తుంది, కాబట్టి ఆ గీతకు అటూ ఇటూ రెండేసి అంగుళాలు గుల్ల చల్లకుండా వదిలేయమనండి. మే నెలలో మాత్రం పోయకండి, 44 డిగ్రీల ఎండలో పై పొర చేతికి దొరకకముందే బిగుసుకుపోతుంది, గుల్ల అదిమే టైం ఉండదు.

మహబూబాబాద్ రైతు:
కొబ్బరి చిప్పల కాంక్రీట్ అని ఒక వీడియో చూశాను, బరువు తక్కువ, చల్లగా ఉంటుంది అన్నారు. మీరు అడిగేది అదేనా? మా దగ్గర కొబ్బరి చిప్పలు బాగా దొరుకుతాయి.

కాజీపేట సైట్:
అది వేరే అన్నా. కొబ్బరి చిప్పను కంకరకు బదులు వాడి తేలిక కాంక్రీట్ చేయడం మీద కాలేజీల్లో పరిశోధనలు జరుగుతున్నాయి, నిజమే. కానీ చిప్ప నీళ్ళు బాగా పీల్చుకుంటుంది, ముందే నానబెట్టి వాడాలి, బలం కంకరంత రాదు. బండ్లు తిరిగే దారికి నేనైతే చెప్పను.

నర్సంపేట నుంచి సవానా:
అక్కా, నేను నర్సంపేటవాణ్ణే, సవానాలో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నా. ఇక్కడ టాబీ అనే మాటకు రెండు అర్థాలున్నాయి, అది తెలియకపోతే ఇంటర్నెట్‌లో చదివింది అంతా కలగాపులగం అయిపోతుంది.

పాత టాబీలో సిమెంటే లేదు. జార్జియా, సౌత్ కరొలినా, ఫ్లోరిడా తీరంలో రాయి పెద్దగా దొరకదు, ఎక్కువగా ఇసుక, బురదే. అందుకని ఆల్చిప్పలను కట్టెల మంటలో కాల్చి సున్నం చేసి, ఆ సున్నం, ఇసుక, నీళ్ళు, పగిలిన ఆల్చిప్పలు సమపాళ్లలో కలిపి చెక్కల మధ్య పోసి గోడలు కట్టారు. 1800 తర్వాత సపెలో దీవిలో థామస్ స్పాల్డింగ్ అనే భూస్వామి దీన్ని మళ్ళీ బాగా వ్యాప్తిలోకి తెచ్చాడు. ఫ్లోరిడాలో కింగ్స్లీ ప్లాంటేషన్‌లో బానిసలుగా బతికినవాళ్ళ టాబీ గుడిసెల గోడలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. నేను చూశాను, గోడ మీద చెయ్యి పెడితే గుల్లల అంచులు తగులుతాయి, ఆ గుల్లలు మోసి, కాల్చి, పోసింది ఆ మనుషులే. ఆ గోడ అందంగా ఉందని ఫోటో తీసుకుని వచ్చేయడం నావల్ల కాలేదు.

గుల్లలు ఎక్కడివంటే, అక్కడి మూలవాసులు వందల ఏళ్ళుగా తిని పడేసిన ఆల్చిప్పల దిబ్బలు. ఎన్నో వానలకు తడిసిన గుల్ల కాబట్టి ఉప్పు చాలావరకు కడుక్కుపోయి ఉండేది. మీరు కొనేది అలా కాదు, మీరే కడగాలి.

ఇప్పుడు ఇళ్ళ ముందు పోసేది మామూలు సిమెంటు కాంక్రీటే, పైన గుల్ల చల్లి, అదిమి, బిగుసుకోకముందే పైన కమ్మిన సిమెంటు పాలు కడిగేస్తారు. పాత పద్ధతిలో సున్నంతో దారి పోస్తానంటే మాత్రం వద్దు, గోడగా నిలబడింది కదా అని టైరు కింద నిలబడదు. ఇంకో పద్ధతి కూడా ఉంది, గుల్లను పొడిగా పరిచేసి వదిలేయడం. బండి తిరిగేకొద్దీ నలిగి గట్టిపడుతుంది, నీళ్ళు కిందికి ఇంకుతాయి. కానీ మన వరంగల్ వానకు అంచు కట్టకపోతే అది గేటు దాటి మోరీలో తేలుతుంది.

ఒక్క విషయం అడుగుతాను, గుల్ల ఎక్కడి నుంచి వస్తోందో దుకాణంలో తెలుసుకోండి. చిన్న ఆల్చిప్ప పెరగాలంటే పాత గుల్లను అంటుకుని పెరగాలి, అందుకే ఇక్కడ సౌత్ కరొలినాలో హోటళ్ళలో తిన్న గుల్లలను పోగుచేసి మళ్ళీ నీళ్ళలో వేస్తారు. మన దేశంలో కూడా కిటికీ అద్దాల్లా వాడిన పల్చటి ఆల్చిప్ప లాంటి కొన్ని రకాలకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది.

సుతారి ఇంటి కొడుకు, పరకాల:
మా తాత, బాపు ఇద్దరూ సుతారి పనే. మీ మేస్త్రిని తప్పు పట్టకండి అక్కా, ఆయన చెప్పింది సగం నిజం. గుల్ల లోపలి వైపు అద్దంలా నున్నగా ఉంటుంది, దానికి సిమెంటు నిజంగానే పట్టదు. బయటి వైపు గరుకుగా ఉంటుంది, పగిలిన అంచు ఇంకా గరుకు. కాబట్టి నిండు గుల్ల వేయకుండా అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం ముక్కలుగా కొట్టించి వేయండి. నిండు గుల్ల బోర్లా పడితే కింద గిన్నెలాగా గాలి నిలుస్తుంది, పైనుంచి చూస్తే బాగానే ఉంటుంది, టైరు ఎక్కగానే టప్పున పగిలి గుంట పడుతుంది. ఏడాదిలో లేచిపోతుందని ఆయన అన్నది అలాంటిది ఎక్కడో చూసే అని ఉంటాడు.

సవానా తమ్ముడు చెప్పిన సున్నం సంగతి చదువుతుంటే మా తాత గుర్తొచ్చాడు. మా పాత ఇల్లు డంగు సున్నంతో కట్టిందే. సున్నపురాయి కాల్చినా గుల్ల కాల్చినా జరిగేది ఒకటే, 900 డిగ్రీల దగ్గర అందులోని గాలి పోయి పొడి సున్నం మిగులుతుంది, నీళ్ళు పోస్తే బుసబుస ఉడుకుతుంది, గోడకు పెట్టాక మళ్ళీ గాలిలోంచి పోయినదాన్ని మెల్లగా తెచ్చుకుని రాయి అవుతుంది. ఆ మెల్లగా అన్నది నెలలు, ఏళ్ళు. తాత సున్నం పని చేసిన గోడను ఎండాకాలం గోనెపట్టాలు కప్పి పసిపిల్లను చూసినట్టు చూసేవాడు. కారు దారికి అంత ఓపిక ఎవరికి ఉంటుంది.

పని ఎలా చేయాలో నాకు తెలిసింది చెబుతా, నేను గుల్లతో చేయలేదు, నది గులకరాళ్ళతో నాలుగైదు చోట్ల చేశాను, పద్ధతి ఒకటే. ముక్కలు రాత్రంతా నానబెట్టి పొద్దున వడగట్టి పెట్టుకోవాలి, పొడిగా చల్లితే అవి కాంక్రీట్‌లో నీళ్ళు లాగేస్తాయి. బిళ్ళ పోసి పట్టీ లాగి చదును చేసిన తర్వాత పైన తేలిన నీళ్ళు ఆరే దాకా ఆగాలి. తర్వాత మడి మీద విత్తనం చల్లినట్టు సమానంగా చల్లి, చెక్క తాపీతో అదిమి, పూర్తిగా మునిగి పైన పాలు కమ్ముకునేలా చేయాలి. సగం పైకి ఉంటే చాలులే అనుకుంటే అదే మొదట లేచేది. ఆ మీద చక్కెర నీళ్ళు సన్నగా స్ప్రే చేసి కవర్ కప్పాలి. చక్కెర సిమెంటును బిగుసుకోనివ్వదు, కింద గట్టిపడుతుంది, పై పొర మాత్రం మెత్తగా ఉంటుంది. దీనికి మందులు కూడా అమ్ముతారు, అవి దొరికితే ఇంకా నమ్మకం. తర్వాత మెత్తటి బ్రష్, సన్నటి నీళ్ళ ధారతో పాలు కడిగితే గుల్ల బయటపడుతుంది. ముక్కలో మూడింట రెండు వంతులు లోపలే ఉండాలి, బాగా కనిపించాలని లోతుగా కడిగిస్తే పోయినట్టే. ఎన్ని గంటలకు కడగాలన్నది ఆ రోజు ఎండను బట్టి ఉంటుంది, అందుకే ముందు రెండు అడుగుల ముక్క ఒకటి పోసి చూసుకోకుండా అసలు పని మొదలుపెట్టనివ్వకండి.

ఇంకోటి, యాసిడ్. పని అయిపోయాక సిమెంటు మరకలు పోవాలని యాసిడ్ పోసి కడగడం మన దగ్గర అందరికీ అలవాటు. గుల్ల మీద యాసిడ్ పడితే నురగలు కక్కి కరిగిపోతుంది. తాండూరు బండ మీద పోస్తే మెరుపు పోయేది కూడా ఇందుకే, అది కూడా సున్నపురాయే. కూలీలకు ముందే గట్టిగా చెప్పండి.

చెరువు ఆల్చిప్పలు ఏరి వేద్దామని మీకు అనిపించొచ్చు, ఉప్పు గోల ఉండదు కదా అని. వద్దక్కా, అవి పల్చన, పొరలు పొరలుగా ఊడతాయి.

కరీంనగర్ పద్మక్క:
అందరూ సిమెంటు, ఉప్పు అంటున్నారు, నేను వాకిలి ఊడ్చేదాన్ని కాబట్టి నా మాట వినమ్మా. ఆరేళ్ళ కింద మా ఇంటి ముందు గేటు నుంచి కడప దాకా గులకరాళ్ళు తేలే పని చేయించాం. చేసిన కాంట్రాక్టర్ ఫోటోల్లో చూపించింది చూపించినట్టే చేశాడు, బాగుందని వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. మర్నాడు పొద్దున సాన్పి చల్లి ముగ్గు వేద్దామని కూర్చుంటే గీత నిలవలేదు, పిండి అంతా రాళ్ళ సందుల్లోకి పోయింది. పేడ నీళ్ళు సందుల్లో ఎండి నల్లగా పట్టుకున్నాయి, ఎంత కడిగినా పోలేదు. ఆ ఏడు బతుకమ్మకు మా వాడకట్టు ఆడవాళ్ళు ఇరవై మంది దాకా మా వాకిట్లోకి వచ్చారు, ఎప్పుడూ మా ఇంటి ముందే ఆడుతాం. చెప్పులు విప్పి చుట్టూ తిరుగుతుంటే పాదాలు నొప్పిగా ఉన్నా ఎవ్వరూ పైకి అనలేదు. రెండో రోజు పక్కింటి వాకిట్లో పెట్టారు. నాకు ఇప్పటికీ ఆ సాయంత్రం గుర్తొస్తే కడుపులో దేవినట్టు ఉంటుంది. తర్వాత గేటు ముందు మేర పగలగొట్టించి నున్నగా పోయించాం.

గులకరాయి గుండ్రంగా ఉంటుంది, దానికే అంత నొప్పి. నువ్వు వేసేది పగిలిన గుల్ల, అంచులు ఉంటాయి. అమ్మ బాపు పెద్దవాళ్ళు అంటున్నావు, రేపు కర్ర పట్టుకుని నడవాల్సి వస్తే, చక్రాల కుర్చీ వస్తే ఆ గరుకు మీద కష్టం. గేటు లోపల ముగ్గు పడే జాగా, బతుకమ్మ పెట్టే జాగా మాత్రం నున్నగా ఉంచు బిడ్డా. మీ అమ్మను అడిగావా అసలు?

వడ్డేపల్లి వాకిలి:
మూడు వారాల తర్వాత వచ్చాను, అందరికీ చాలా థాంక్స్.

పద్మక్కా, అమ్మను అడగలేదు, మీరు చెప్పాకే అడిగాను. అమ్మ ఒకే మాట అంది, నాకు ముగ్గుకు జాగా ఉంచి ఆ మిగతాది నీ ఇష్టం అని. ఇన్నాళ్ళు ఆ మాట నా మనసుకే రాకపోవడం బాధ అనిపించింది, ఇల్లు కట్టేదే వాళ్ళ కోసం.

గుల్ల ఒక బస్తా తెచ్చి కడిగాం. డ్రమ్ములో నానబెట్టి రోజుకోసారి నీళ్ళు మార్చాం. మా ఆయన స్నేహితుడు ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఉంటాడు, ఆ నీళ్ళకు సిల్వర్ నైట్రేట్ వేసి చూపించాడు, ఉప్పు ఉంటే తెల్లగా విరుగుతుందట. మొదటి రోజు నీళ్ళు పాలలా తెల్లగా విరిగాయి, ఐదో రోజుకు చాలా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. టెన్షన్ పడుతుంటే ఆయన మా బోరు నీళ్ళకే వేసి చూపించాడు, అదీ అంతే మసక! అంటే ఆ మిగిలింది మా బోరుదే.

రెండు అడుగుల ముక్కలు మూడు పోయించాం. నిండు గుల్లలు వేసినదాని మీద బాపు ట్రాక్టర్ ముందు టైరు ఎక్కిస్తే పరకాల తమ్ముడు చెప్పినట్టే నాలుగు చోట్ల పగిలింది. ముక్కలు వేసి ఆలస్యంగా కడిగినదాంట్లో గుల్ల బయటికి రానేలేదు, సిమెంటు రంగే. ముక్కలు వేసి, పొద్దున 6కి పోసి, చక్కెర నీళ్ళు కొట్టి 10 దాటాక కడిగింది మాత్రం నేను సవానాలో చూసినదానిలా వచ్చింది. మా మేస్త్రి దాన్ని వేలితో పెకిలించబోయి రాకపోయేసరికి, సరే మేడమ్ చేద్దాం అన్నాడు.

ఇప్పుడు ఇలా అనుకుంటున్నాం. గేటు లోపల 8 అడుగులు పూర్తిగా నున్నగా. మిగతా 22 అడుగుల్లో టైర్లు నడిచే రెండు పట్టీలు రెండున్నర అడుగుల చొప్పున మామూలు చీపురు గీతల కాంక్రీట్, వాటి మధ్య 3 అడుగులు, అటూ ఇటూ అంచుల్లో రెండేసి అడుగులు గుల్ల. అమ్మ నడవాలన్నా ఆ పట్టీల మీద నడవొచ్చు. గుల్ల ఉన్నచోటా లేనిచోటా విడివిడిగా పోయాలా, ఒకేసారా? గృహప్రవేశం అయ్యాక, ఎంగిలిపూల బతుకమ్మకు నెల ముందు పోద్దామని ఉంది.

కాజీపేట సైట్:
ఒకేసారి పోయండి, కింద బిళ్ళ ఒకటే, పైన చల్లడంలోనే తేడా. చెక్క పట్టీలు పడుకోబెట్టి హద్దు చూపిస్తే గుల్ల పక్కకు పోదు. జాయింట్లు మాత్రం నేను 10 అడుగులకు అన్నాను కదా, మీ లెక్క మారింది కాబట్టి మొదటిది సరిగ్గా 8 అడుగుల దగ్గర, ముగ్గు జాగా ముగిసే చోట కోయించండి, ఆ తర్వాత 11, 11. గీత కంటికి కూడా హద్దులా కనిపిస్తుంది. టైర్లు గుల్ల మీద నడవకుండా చేశారు, మీరు చేసిన మార్పుల్లో అన్నిటికంటే మంచిది అదే.

ఆ నెలలో వాన భయం ఉంటుంది, 30 అడుగులకూ కప్పే టార్పాలిన్ ముందే తెచ్చి పక్కన పెట్టుకోండి. కడిగిన తర్వాత పది రోజులు తడిగోనెలు ఆరకుండా ఉంచండి, కారు ఆ తర్వాతే. ట్రాక్టర్‌ను మాత్రం 28 రోజులు గేటు బయటే ఆపమని బాపుకు చెప్పండి.

కరీంనగర్ పద్మక్క:
ఎనిమిది అడుగులు సరిపోదు బిడ్డా, బతుకమ్మ చుట్టూ ఆడాలంటే పదన్నా ఉండాలి.

వడ్డేపల్లి వాకిలి:
పది చేశాం అక్కా. సైట్ సార్, జాయింట్లు అప్పుడు మళ్ళీ 10, 10, 10 అవుతాయి కదా?

కాజీపేట సైట్:
అవును మేడమ్. మొదట చెప్పిందే.